భీమవరం బిడ్డ తీసిన మందు.. చెరువుల పాలు కావద్దు

భీమవరం అనంగనే మనకు యాదికొచ్చేది చేప, రొయ్య. ఐస్ డబ్బాలతో రాత్రంతా నడిచి తెల్లారేసరికి అశ్వారావుపేట, సత్తుపల్లి, కొత్తగూడెం దిక్కు సరుకు దించే బండ్లు. మన పాలేరు, వైరా, లంకాసాగర్, కిన్నెరసాని, తాలిపేరు నీళ్లలో బొచ్చ, రవ్వ ఎంత పెరిగినా, సంతలో ఆ దిక్కు చేప కూడా ఉంటనే ఉంటది.

అదే భీమవరంలో 1895 జనవరి 12న యల్లాప్రగడ సుబ్బారావు పుట్టిండు. ఆయన పేరును పోటీ పరీక్షల పుస్తకంలో ఒక బిట్టు లెక్క చదివినోళ్లు మనలో చానామంది. గుర్తు పెట్టుకుంటం, టిక్కు పెడతం, పేజీ తిప్పేస్తం. గని ఆ బతుకు బిట్టుతో ఒడిసేది కాదు. మన ఊరి ఆశ అక్క సంచిలో ఉండే మాత్రల్లో ఆయన ఉన్నడు. పీహెచ్‌సీ మందుల అలమరలో ఉన్నడు. ఆఖరికి కొన్ని చెరువుల్లో చేపల మేతకు కలిపే పసుపు పొడిలో కూడా, ఆయన కోరకుండనే, ఆయన పని ఉన్నది. ఆ చివరి సంగతి కోసమే ఇయ్యాల ఈ నాలుగు మాటలు. దానికి ముందు మనిషిని తెలుసుకోవాలె.

మూడుసార్లు రాస్తే పాసైనోడు

నాయన జగన్నాథం, రెవెన్యూ శాఖలో చిన్న కొలువు. అమ్మ వెంకమ్మ. ఏడుగురు పిల్లల్లో సుబ్బారావు నాలుగోవాడు. నాయనకు ఆరోగ్యం చెడి కొలువు ముందే పోయింది. ఇంట్లో తినేటోళ్లు ఎక్కువ, తెచ్చేటోళ్లు తక్కువ. పదమూడేండ్ల వయసులో పిల్లగాడు ఇల్లు విడిచి పారిపోయిండు. కాశీ పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి పైసలు సంపాదిద్దామని ఆలోచన. తల్లి వెనకకు పట్టుకొచ్చి మళ్లీ బడిలో కూసోబెట్టింది.

ఆ బడి రాజమండ్రిలో. మన భద్రాచలం రాముని మెట్లను తాకి పోయిన గోదారి నీళ్లే అక్కడికి పోతయి. ఆ నీళ్లే కాలువలు పట్టి భీమవరం పొలాలకు, ఇయ్యాల చేపల చెరువులకు పోతున్నయి. నది కిందికి పోతది, చేప బండెక్కి పైకి వస్తది. మనకూ వాళ్లకూ ఉన్న సంబంధం అట్లాంటిది. అక్కడ వేసిన మందు, అక్కడ పుట్టిన క్రిమి మనది కాదు అనుకునేటట్టు లేదు.

చదువు సాఫుగా సాగలేదు. మెట్రిక్ పరీక్ష రెండుసార్లు పోయింది. మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి మూడోసారి రాస్తే గట్టెక్కిండు. ఒకసారి ఫెయిలైతే ఇగ బతుకే లేదు అనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ ముక్కను గోడ మీద రాసి పెట్టుకోండి. ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ అయినంక ఆయన మనసు సన్యాసం దిక్కు మళ్లింది. రామకృష్ణ మఠంలో చేరుతనన్నడు. తల్లి ఒప్పుకోలేదు. మఠం వాళ్లే, వైద్యం చదువు, జనానికి పనికొస్తవు అని దారి చూపెట్టిండ్రు. అట్ల మద్రాసు మెడికల్ కాలేజీలో చేరిండు.

గాంధీ పిలుపు దేశమంతా తిరుగుతున్న రోజులు. సుబ్బారావు ఖద్దరు కట్టి కాలేజీకి పోయిండు. సర్జరీ చెప్పే తెల్ల ప్రొఫెసర్‌కు అది నచ్చలేదు. చదువులో ముందున్నా ఎంబీబీఎస్ పట్టా రాలేదు, దానికన్నా తక్కువదైన ఎల్‌ఎంఎస్ చేతికిచ్చిండ్రు. బట్ట మీద కోపం పట్టా మీద తీర్చుకున్నరన్నట్టు. ఆ తక్కువ పట్టాతో మద్రాసులో మంచి కొలువు దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడిపే ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణం చెప్పే పని దొరికింది.

పేరు తెలియని రోగం ఇంటి మీద పడింది

ఈ మనిషి బతుకును మలిపింది పట్టా పోవుడు కాదు, అన్నదమ్ముల చావు. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్ది రోజుల తేడాతోనే కన్నుమూసిండ్రు. రోగం స్ప్రూ. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, నాలుక పుండైపోతది, రక్తం ఇగిరిపోతది, మనిషి ఎండుకపోయి చనిపోతడు. దానికి మూలం ఏందో అప్పటి డాక్టర్లకు తెలియదు. మూలం తెలియనప్పుడు మందు ఎట్ల తెలుస్తది? సుబ్బారావుకు కూడా అదే రోగం తగిలింది. లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డడు.

తాను బతికిండు, ఇద్దరు పోయిండ్రు. ఎందుకు? ఈ ప్రశ్న ఆయనను ఊరుకోనీయలేదు. ఉష్ణదేశాల రోగాల చదువు కోసం అమెరికా పోవాలనుకున్నడు. చేతిలో పైసలు లేవు. 1919లో పెండ్లయింది, భార్య శేషగిరి. మామగారు సాయం చేసిండు. కాకినాడ దిక్కు మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయం చేసింది. 1922 అక్టోబర్ చివర్లో బోస్టన్‌లో దిగిండు. ఇంటి దగ్గర పుట్టిన కొడుకును ఆయన చూడనే లేదు, ఆ పసివాడు చిన్నప్పుడే పోయిండు. భార్యను కూడా మళ్లీ చూడలేదు. శేషగిరమ్మ ఎదురుచూపు ఒడవనే లేదు. గొప్పోళ్ల కథలు చెప్పేటప్పుడు ఇసుంటి ఆడవాళ్ల బాకీని మనం మర్చిపోతం. మర్చిపోవద్దు.

రాత్రి మలం ఎత్తి, పొద్దున లెక్క కట్టి

హార్వర్డ్‌లో ఉష్ణదేశ రోగాల కోర్సులో చేరిండు. ఇక్కడి పట్టాకు అక్కడ విలువ లేదు, స్కాలర్‌షిప్ లేదు. బోస్టన్‌లోని ఒక దవాఖానాలో రాత్రి పూట రోగుల మలమూత్రాల గిన్నెలు కడిగే పని పట్టిండు. పొద్దుందాక క్లాసు, రాత్రంతా ఆ పని. పని చిన్నదా పెద్దదా అని చూడలేదు.

తర్వాత సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్త దగ్గర చేరిండు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉన్నదో రంగును బట్టి కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో బయటపెట్టిండ్రు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని ఇప్పటికీ జీవరసాయన శాస్త్రం చదివే పిల్లలు నేర్చుకుంటరు. చూసేటోళ్లకు అది చిన్న లెక్క. గని సరిగ్గా కొలువడం వచ్చినంక లోపల దాగిన సంగతులు ఒక్కటొక్కటి బయటికొచ్చినయి. కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. 1929లో ఏటీపీ బయటపెట్టిండ్రు. అదే కాలంలో జర్మనీలో లోమాన్ కూడా దాన్ని కనుక్కున్నడు. మనం నాగలి పట్టినా, వల విసిరినా, ఊపిరి తీసినా ఖర్చయ్యేది ఆ ఏటీపీనే. చేప తోక ఆడించినా అదే.

ఈ పద్ధతిని గుర్తు పెట్టుకోండి. ముందు కొలువు. ఏం లోపమో, ఏం ఎక్కువో పేరు పెట్టి చెప్పు. తర్వాత మందు గురించి ఆలోచించు. సుబ్బారావు బతుకంతా ఈ ఒక్క వరస మీదనే నడిచింది.

1930లో పీహెచ్‌డీ వచ్చింది. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు పర్మినెంట్ కొలువు ఇయ్యలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీకి పోయిండు. అక్కడ పరిశోధన విభాగానికి పెద్దయిండు.

మన ఊరి మాత్రల్లో ఆయన సంతకం

అక్కడ ఎనిమిదేండ్లలో జరిగిన పని చూస్తే నోట మాట రాదు. ఒక్కని పని అని నేననను. పదుల మంది శాస్త్రవేత్తల జట్టు, ముందుండి నడిపింది మనోడు.

మొదటిది ఫోలిక్ యాసిడ్. లూసీ విల్స్ అనే డాక్టరమ్మ 1930ల మొదట్లో బొంబాయి మిల్లు కార్మిక ఆడవాళ్లలో రక్తహీనతను చూసి, ఈస్ట్‌లో ఉండే ఏదో పదార్థం దాన్ని బాగు చేస్తున్నదని పట్టింది. ఆ పదార్థమేందో తేల్చి, ప్రయోగశాలలో తయారుచేసే దారి 1945లో సుబ్బారావు జట్టు చూపెట్టింది. స్ప్రూ రోగుల రక్తహీనతకూ అది పనిచేసింది. అన్నదమ్ములను తీసుకపోయిన రోగానికి ఇరవై ఏండ్లు దాటినంక ఆయన ప్రయోగశాల జవాబు తెచ్చింది. ఇయ్యాల చర్లలో, దుమ్ముగూడెంలో గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఐరన్‌తో పాటు ఉండేది ఆ ఫోలిక్ యాసిడే.

రెండోది హెట్రజాన్, అంటే డీఈసీ. 1947లో వచ్చింది. బోదకాలు క్రిములకు మందు. బోదకాలు ఉన్న జిల్లాల్లో ఏడాదికోసారి ఇంటింటికీ తిరిగి మింగించే మాత్ర అదే. మూడోది, ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందులు. వాటితోనే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌ను కొంతకాలమైనా వెనక్కి నెట్టొచ్చని 1948లో చూపించిండు. ఆ కుటుంబంలోని మెథోట్రెక్సేట్ ఇప్పటికీ క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి వాడుతున్నరు.

నాలుగోది, మన కథకు అసలైనది. పెన్సిలిన్ అప్పటికే వచ్చింది గని అన్ని క్రిములకు పనిచేయదు. స్ట్రెప్టోమైసిన్ మట్టిలోని జీవి నుంచి వచ్చింది కాబట్టి మట్టిలో ఇంకా ఏమున్నయో చూద్దామని సుబ్బారావు వేట మొదలుపెట్టించిండు. ఆ పని డెబ్బై దాటిన బెంజమిన్ డగ్గర్ అనే మొక్కల శాస్త్రవేత్త చేతిలో పెట్టిండు. డగ్గర్ యూనివర్సిటీ నుంచి రిటైరై వచ్చినోడు. అమెరికా నలుమూలల నుంచి మట్టి తెప్పించిండు. మిస్సోరీ రాష్ట్రంలోని ఒక పాత పొలం మట్టిలో బంగారు రంగు కాలనీలు కట్టే జీవి దొరికింది. దాని నుంచి తీసిన మందుకు ఆరియోమైసిన్ అని పేరు పెట్టిండ్రు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటి బిడ్డ. 1948 జులైలో లోకానికి చెప్పిండ్రు.

అది చెప్పి నెల తిరగకముందే, ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి చనిపోయిండు. వయసు 53. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు, ఇంటికీ తిరిగి రాలేదు. మన దేశం ఆయన బొమ్మతో తపాలా బిళ్ల వేసింది 1995లో.

మనుషుల మందు మేతలో పడ్డది ఇట్ల

ఆయన పోయిన కొద్ది నెలలకే, 1948 చివర్లో, అదే కంపెనీలో ఇంకో ప్రయోగం జరిగింది. థామస్ జ్యూక్స్, రాబర్ట్ స్టాక్‌స్టాడ్ అనే ఇద్దరు కోడిపిల్లలకు విటమిన్ బీ12 చవకగా దొరికే మేత వెతుకుతున్నరు. ఆరియోమైసిన్ తీసినంక మిగిలిన పిప్పిని మేతలో కలిపి చూసిండ్రు. పిల్లలు అనుకున్నదానికన్నా జల్ది పెరిగినయి. కారణం విటమిన్ ఒక్కటే కాదు, పిప్పిలో మిగిలిన మందు. 1950లో ఈ సంగతి బయటికొచ్చింది. 1951లో అమెరికా ప్రభుత్వం డాక్టర్ చీటీ లేకుండనే మేతలో యాంటీబయాటిక్ కలపనిచ్చింది. రోగమొస్తే ఇచ్చే మందు, రోగం లేకున్నా రోజూ తినిపించే మేతయింది.

అక్కడితో ఆగలేదు. కోసిన కోడిని, తర్వాత చేపను కూడా ఆరియోమైసిన్ నీళ్లలో ముంచి చెడిపోకుండా దాచే పద్ధతి అమ్మిండ్రు. 1960ల నడుమ దాన్ని ఆపేయాల్సి వచ్చింది. ఆరియోమైసిన్ వెనకనే వచ్చిన తోబుట్టువు ఆక్సీటెట్రాసైక్లిన్. చేపల పెంపకంలో లోకమంతా ఎక్కువగా వాడిన యాంటీబయాటిక్‌లలో అదొకటి. పసుపు పొడి కథ అదే.

ఇందులో సుబ్బారావు తప్పు లేదు. గని ఆయన వరసను తలకిందులు చేసింది ఈ పద్ధతి. ఆయన ముందు రోగం పేరు కనుక్కొమ్మన్నడు. ఇక్కడ పేరు అడిగేటోడే లేడు. చేప పైకి తేలితే మందు, మేత తినకపోతే మందు, పక్క చెరువుకు రోగమొస్తే ముందు జాగ్రత్తగా మన చెరువుకూ మందు.

తెల్లారగట్ల చేపలు నోళ్లు తెరిచి పైకొస్తున్నయంటే చానాసార్లు నీళ్లలో ఆక్సిజన్ తక్కువైనట్టు. దానికి కొత్త నీళ్లు పెట్టాలె, ఏరియేటర్ తిప్పాలె, మేత తగ్గించాలె. యాంటీబయాటిక్ ఆక్సిజన్ పుట్టియ్యదు. చేప గట్టుకు రాసుకుంటున్నదంటే ఒంటి మీద పేను ఉన్నదేమో చూడాలె. పేను కంటికి కనపడే పురుగు, యాంటీబయాటిక్‌తో చావదు. చలికాలం వచ్చే లోతు పుండ్ల రోగంలో అసలు దొంగ ఒక బూజు జాతి. దాని మీద కూడా ఈ మందుకు పని లేదు. ఇగ మిగిలింది ఏరోమోనాస్ లాంటి బ్యాక్టీరియా. ఒంటి మీద ఎర్ర మచ్చలు, పొట్ట ఉబ్బుడు, పొలుసు లేచుడు. దానికి మందు పనిచేయొచ్చు, చేయకపోవచ్చు. రోగమొచ్చిన చేప మేతే ముట్టదు, మేతలో కలిపిన మందు దాని కడుపులోకి ఎట్ల పోతది? టెట్రాసైక్లిన్‌ను నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం పట్టి కట్టేస్తయి, బలం తగ్గుతది. తినని మేత, అరగని మందు అడుగు బురదలో చేరుతయి.

ఆ బురదలోనే అసలు బడి నడుస్తది. మందు తాకిడికి బలహీనమైన క్రిములు చస్తయి, తట్టుకున్నయి బతుకుతయి. తట్టుకునే విద్యను ఒక క్రిమి ఇంకో జాతి క్రిమికి కూడా చేతికిచ్చినట్టు ఇయ్యగలదు. చేపల క్రిమి నుంచి మనిషి కడుపులో క్రిమికి ఆ విద్య పోతది. కలరా క్రిమి కూడా నీళ్లలో బతికేదే, రొయ్యలను చంపే విబ్రియోలకు అది దగ్గరి చుట్టం.

మన అడవి అంచుకు దీంతో ఏం పని అంటారా? టెట్రాసైక్లిన్ కుటుంబంలోని డాక్సీసైక్లిన్ చవకైన మందు. పొదల్లో, గడ్డిలో ఉండే నల్లి జాతి సన్నపు పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్‌కు అదే మొదటి మందు. కలరాకూ వాడుతరు. తునికాకుకు పోయే, పశువుల వెంట పోయే మనిషి జ్వరంతో పడితే పీహెచ్‌సీలో దొరికేది ఇట్లాంటి చవక మందులే. పట్నంలో ఒక మందు పనిచేయకపోతే ఇంకో ఖరీదు మందు రాస్తరు. వాగు దాటి, మంచం మీద మోసుకొచ్చే గూడెం మనిషికి ఆ రెండో మందు ఎక్కడిది? చవక మందు మొద్దుబారితే ముందు పోయేది మన మనిషి ప్రాణమే.

యూరప్ 2006 నుంచి పెరుగుదల కోసం మేతలో యాంటీబయాటిక్ కలపడం బంద్ పెట్టింది. మన దేశం 2019లో కొలిస్టిన్ అనే ఆఖరి అస్త్రం లాంటి మందును పశువులకు, కోళ్లకు, చేపలకు వాడొద్దని నిషేధించింది. బయటి దేశాలకు పోయే రొయ్యలో మందు మిగిలిందా లేదా అని పరీక్ష చేస్తరు, దొరికితే సరుకు వెనక్కొస్తది. మన సంతలో గంపలోని చేపను ఎవరు పరీక్ష చేస్తున్నరు? తెల్లోని పళ్లెంలో చేపకు ఒక లెక్క, కోయోళ్ల గిన్నెలో చేపకు ఇంకో లెక్కా?

క్రిమిని తినే క్రిమి

మందు లేకుంటే రైతు మునిగిపోడా అని అడుగుతరు. న్యాయమైన ప్రశ్నే. జవాబులో ఒక ముక్క సుబ్బారావు కాలంలోనే ఉన్నది.

ఆయన హార్వర్డ్‌లో ఉన్న రోజుల్లోనే పక్క రాష్ట్రంలోని యేల్ యూనివర్సిటీలో ఫెలిక్స్ డెరెల్ అనే ఫ్రెంచి మనిషి ప్రొఫెసర్‌గా ఉండె. పెద్ద డిగ్రీలు లేనోడు, చానావరకు సొంతంగా నేర్చుకున్నోడు. బ్యాక్టీరియాను తినే వైరస్ ఉన్నదని 1917లో చెప్పి, దానికి బ్యాక్టీరియోఫేజ్ అని పేరు పెట్టిండు. 1915లో ఇంగ్లండ్‌లో ట్వార్ట్ కూడా దీని జాడ పట్టిండు. ఇంకా ముందే, 1896లో, హాంకిన్ అనే ఇంగ్లీషాయన గంగ, యమున నీళ్లలో కలరా క్రిములను చంపేది ఏదో ఉన్నదని రాసిండు. డెరెల్ 1927లో మన దేశానికి వచ్చి కలరా మీద ఫేజ్‌ను పరీక్షించిండు, పంజాబ్ ఊళ్లలో బావుల్లో కూడా పోసి చూసిండు. సుబ్బారావు పోయిన ఆరు నెలలకు, 1949 ఫిబ్రవరిలో ఆయన కూడా పోయిండు. అప్పటికే యాంటీబయాటిక్‌ల హోరులో ఫేజ్‌ను లోకం మర్చిపోయింది. జార్జియా దేశంలో టిబిలిసి నగరంలోని ఒక సంస్థ లాంటి కొన్నిచోట్లనే ఆ పని ఆగకుండా నడిచింది.

ఫేజ్ పనిచేసే తీరు తేలిక. అది తాళంచెవి లెక్క. తనకు సరిపడే బ్యాక్టీరియా దొరికితే దాని మీద వాలి, తన జన్యు పదార్థాన్ని లోపలికి దించుతది. కొద్దిసేపట్లోనే లోపల పదుల కొద్దీ, వందల కొద్దీ పిల్ల ఫేజ్‌లు తయారై బ్యాక్టీరియాను పగలగొట్టుకొని బయటికొస్తయి, ఇంకో దాన్ని వెతుక్కుంటయి. బ్యాక్టీరియా తగ్గిపోతే ఫేజ్ కూడా తగ్గుతది. వేరే తాళాల జోలికి పోదు. చేపకు ఏం చేయదు, తినే మనిషికి ఏం చేయదు, చెరువుకు మేలు చేసే సూక్ష్మజీవులను ముట్టదు. దొరికేది ఎక్కడంటే, బ్యాక్టీరియా ఉన్న ప్రతిచోటా. గోదారిలో, వాగులో, చెరువు బురదలో.

ఇది గాలి మాట కాదు. జపాన్‌లో హిరోషిమా యూనివర్సిటీ వాళ్లు 2000 ప్రాంతంలో మేతకు ఫేజ్ పట్టించి అయు అనే చేపను బ్యాక్టీరియా రోగం నుంచి కాపాడొచ్చని చూపెట్టిండ్రు. మన పక్కన మంగళూరు మత్స్య కళాశాలలో ఇంద్రాణి కరుణాసాగర్ జట్టు రొయ్య హేచరీల్లో రాత్రి మెరిసే విబ్రియో క్రిమి మీద ఫేజ్ వాడి, రొయ్యపిల్లలు ఎక్కువ బతుకుతున్నయని 2000ల నడుమ రాసిండ్రు. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి మత్స్య పరిశోధన సంస్థ కూడా ఈ దారిలో పనిచేసింది.

అట్లని ఫేజ్ మంత్రం కాదు. బ్యాక్టీరియా దాన్ని తట్టుకోవడం కూడా నేర్చుకుంటది, అందుకే నాలుగైదు రకాలు కలిపి వాడాలె. కొన్ని ఫేజ్‌లు బ్యాక్టీరియాను చంపకుండా అందులోనే దాక్కొని చెడు గుణాలను మోసుకపోతయి, వాటిని ప్రయోగశాలలో ఏరేయాలె. పెద్ద చెరువులో పలచబడిపోతది కాబట్టి హేచరీ తొట్లలో పనిచేసినంత సులువుగా అక్కడ పనిచేయదు. పేనుకు, బూజుకు పనికిరాదు. అన్నిటికన్నా పెద్ద సంగతి, ఏ క్రిమో తెలియకుండా ఫేజ్ వాడలేం. తాళం చూడకుండా చెవి చేయలేం గదా.

కొందరికి ఇది లోపం లెక్క కనపడ్తది. నాకు ఇదే దాని గొప్పతనం అనిపిస్తది. యాంటీబయాటిక్ పొడి మనకు గుడ్డిగా చల్లే అలవాటు నేర్పింది. ఫేజ్ మళ్లీ సుబ్బారావు వరసకు తీసుకొస్తది. ముందు కొలువు, పేరు కనుక్కో, తర్వాత మందు.

ఇంకా చేయి దాటలేదు

మన దిక్కు ఇంకా ఎక్కువ చేప పెద్ద చెరువుల్లో, రిజర్వాయర్లలో నీళ్లలోని తిండి తిని పెరిగేదే. 2016 నుంచి సర్కారు పంచే చేపపిల్లలు వాటిల్లోనే పడుతున్నయి. గని పొలాల్లో గుంటలు తవ్వి మేత వేసి పెంచే పద్ధతి పెరుగుతున్నది. కొరమీను, పంగాస్ పెంచే పిల్లలు యూట్యూబ్ చూసి మొదలుపెడుతున్నరు. డెల్టా నుంచి విత్తనం వస్తది, మేత వస్తది, వాటి వెనకనే పొడుల సంచి కూడా వస్తది. అలవాటు వేర్లు దిగకముందే అడగాల్సినవి అడగాలె.

పాలేరులో మత్స్య పరిశోధన కేంద్రం ఉన్నది. చర్లలో చేప చస్తే ఆ చేపను ఐస్‌లో పెట్టి పాలేరు పోయేసరికి పొద్దు గూకుతది. భద్రాచలంలో చేపల రోగం తేల్చే చిన్న ప్రయోగశాల కావాలె. మైక్రోస్కోప్, నీళ్ల పరీక్ష, క్రిమిని పెంచి ఏ మందుకు లొంగుతదో చూసే సౌకర్యం ఉంటే చాలు. అది లక్షల పొడి సంచులకన్నా చవక. మందుల దుకాణంలో పేరు లేని, లేబుల్ లేని పొడి అమ్మొద్దు. నిపుణుని చీటీ లేకుండా చేపకు యాంటీబయాటిక్ ఇయ్యొద్దు. మన గోదారి, మన వాగుల నీళ్ల నుంచే ఏరోమోనాస్‌ను తినే ఫేజ్‌లను ఏరి, మన బొచ్చ మీద, మన కొరమీను మీద పరీక్షించే పని విశ్వవిద్యాలయం చేతిలో పెట్టాలె. ఆ పనిలో మన గూడేల నుంచి మైక్రోబయాలజీ, ఫిషరీస్ చదివే పిల్లలకు చోటియ్యాలె. మత్స్య సంఘాలు ఏ చెరువులో ఏం వేసినమో ఒక నోటుబుక్కులో రాసి పెట్టాలె. ఇది సర్కారు ఇచ్చేదాక ఆగాల్సిన పని కాదు, రేపే మొదలుపెట్టొచ్చు.

సుబ్బారావు మందులు కనిపెట్టింది పోయే ప్రాణాలను ఆపడానికి. ఇద్దరు అన్నదమ్ములను పోగొట్టుకున్న మనిషికి ఒక మాత్ర విలువ ఎంతో తెలుసు. ఆ మాత్రను బురదలో కలిపి మొద్దుబార్చే హక్కు ఏ కంపెనీకీ లేదు, ఏ వ్యాపారికీ లేదు, మనకూ లేదు. చెరువు కాడ ఎవరన్నా పసుపు పొడి సంచి విప్పితే ఒక్క ప్రశ్న అడుగు తమ్ముడూ, అడుగు చెల్లే. ఏ రోగానికి? జవాబు రాకపోతే సంచి మూతి కట్టించు.